ఊడ్వని బడి

ఆ ఏడాది కార్తీక వానలకు మా కాలనీ బడి ఆవరణలో ఒక గుంట ఉడకడం మొదలుపెట్టింది.

నీళ్లు మాత్రం చల్లగానే ఉండేవి. అడుగు నుంచి బుడగలు గుడగుడమని లేచి, ఎసరు కాగినట్టు పైకొచ్చి పగిలేవి. పిల్లలకు అంతకన్నా వేడుకేముంది? ఇంటర్వెల్ గంట కొట్టగానే చుట్టూ గొంతుక్కూర్చుని కాగితప్పడవలు వదిలేవాళ్లు. మా జుబేదా ఇంటికొచ్చి ఆ ఆట గురించి చెప్పేది. చెబుతూ చెబుతూ మధ్యలోనే నిద్రపోయేది. అప్పటికి ఇంకా పొద్దు కూడా గూకేది కాదు. రెండో తరగతి పిల్ల. వేసవి నుంచీ కడుపునొప్పి అంటోంది. ముఖం పాలిపోయింది. గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పే ఎక్కాలు సగంలో ఆగిపోతున్నాయి. నులిపురుగుల మందు వేశాం, రక్తం పట్టే టానిక్కు తాగించాం. ఏదీ పనిచేయలేదు.

నేను రొయ్యల గుంటల నీళ్లు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తాను. రైతులు పొద్దున్నే సీసాలు తెచ్చి బల్ల మీద వరుసగా పెట్టి, పరీక్ష రాసిన పిల్లల్లా నా ముఖం చూస్తూ నిలబడతారు. ఒకరోజు ఆ సీసాల పక్కన బడి బోరింగు నీళ్ల సీసా కూడా పెట్టాను. అమోనియా ఉందో లేదో తేల్చే మందు చుక్కలు వేయగానే నీళ్లు పసుపు దాటి ముదురాకుపచ్చకు తిరిగాయి. ఆ రంగు చూస్తే ఏ రైతూ ఆ నీళ్లను రొయ్యపిల్లల మీదికి వదలడు.

మా పరీక్ష కిట్టు మనుషులు తాగే నీళ్ల కోసం చేసింది కాదు. అది చెప్పేది కొంచెమే, చెప్పనిది చాలా. అయినా సీసా సంచిలో వేసుకుని హెడ్మాస్టర్ పద్మనాభయ్య దగ్గరికి వెళ్లాను. ఆయన దాన్ని వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూశాడు.

"రొయ్యలకే పనికిరాదంటావా, షాహీనా?"

"రొయ్యలకే పనికిరాదు సార్."

మర్నాడు మేమిద్దరం కలిసి జిల్లా అధికారులకు అర్జీ పెట్టాం.

మా కాలనీ కింద ఏముందో తెలియనివాళ్లు లేరు. పట్టణం చెత్తంతా ఏళ్ల తరబడి ఈ ఉప్పునేల పల్లంలోనే పోశారు. పల్లం నిండాక పైన ఎర్ర గ్రావెల్ తోలి, చదును చేసి, ఇళ్ల పట్టాలిచ్చారు. నడిమధ్యన బడి కట్టారు. తెలిసిన సంగతే అయినా ఎవరం మాట్లాడుకునేవాళ్లం కాదు. ఇంట్లో ఒక జబ్బుకు పేరు పెట్టకుండా ఏళ్లు గడిపేసే కుటుంబాలు ఉంటాయి కదా, మా కాలనీ కూడా అటువంటిదే.

మొదట ఇక్కడికి కాపురానికొచ్చినవాళ్లలో మా అత్త నూర్‌బీ, మామ దరియావలి ఉన్నారు. మామ పరుపులు కుట్టేవాడు; నా పెళ్లినాటికే పోయాడు. ఆ రోజుల్లో సంతలో అత్త పక్కన కూర్చున్న ఆడవాళ్లు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేవాళ్లట. ఆ మాట ఆమె నాకు ఒక్కసారే చెప్పింది, అది కూడా గిన్నెలు తోముతూ, నా వైపు చూడకుండా. మా ఇంట్లో గచ్చు రోజుకు రెండుసార్లు ఎందుకు కడుగుతారో నాకు ఆ పూట అర్థమైంది. అత్త బడిలో ఆయా. ఆమె చీపురు చప్పుడుకే వీధి నిద్ర లేచేది.

అర్జీ పెట్టిన కొన్నాళ్లకు, ఫలానా రోజు నీళ్లూ మన్నూ పరీక్షించడానికి వస్తున్నామని జిల్లా నుంచి బడికి కబురొచ్చింది. ఆ రోజు ల్యాబ్‌లో పని తెమలక నేను వచ్చేసరికి వాళ్ల జీపు మలుపు తిరిగిపోతోంది. ఇంటికొస్తే అత్త ముఖం వెలిగిపోతోంది. నా భర్త ఆసిమ్ గడప మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. జువ్వలదిన్నె రేవుకు ఐసు తోలే బండి అతనిది.

"వినీల అంట మేడమ్ పేరు," అంది అత్త. "ఎంత మెచ్చుకునిందనుకున్నావు! ఇంత శుభ్రంగా ఉండే బడి నేను యాడా చూళ్లేదు అనిందిమే."

సంచి కూడా దించకుండా అడిగాను. "ఏమేం చేసినావత్తా?"

"ఏం చెయ్యలేదని అడుగు. ట్యాంకు కడిగి ట్యాంకరు నీళ్లు పట్టిస్తి. బోరింగులో డబ్బాడు బ్లీచింగ్ పోస్తి. ఆ ఉడికే గుంట చూస్తే మనల్ని ఏమనుకుంటారని సముద్రం ఇసక తెప్పించి పూడ్పిస్తి. పిల్లోళ్లందురికీ గోళ్లు గూడా తీసినా."

"ఆ ఇసక మోసింది నేను," అన్నాడు ఆసిమ్ పడుకునే. "ఐసు బండిలో ఇసక తోలినోడు ఈ జిల్లాలో నేనొక్కడినే. రేపు రేవులో చేపలు గరగరమంటే నన్ను తంతారు."

"ఆ మేడమ్ ఎక్కడెక్కడ నీళ్లు పట్టుకుంది?"

"ట్యాంకు కొళాయిలో, బోరింగులో. బడి ముందర మన్ను గూడా ఎత్తుకునింది."

మన్ను కాదు, మొన్న వచ్చిన సముద్రపు ఇసుక. నీళ్లు కాదు, బ్లీచింగ్. నేను గ్లాసుతో నీళ్లు తాగాను. డాక్టరు దగ్గరికి వెళ్లేముందు మనం స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని వెళతాం. నొప్పి ఎంత అని అడిగితే కొంచెమే అంటాం. రోగం కన్నా, రోగిగా కనబడటం మనకు ఎక్కువ భయం. అత్త బడిని డాక్టరు దగ్గరికి ముస్తాబు చేసి పంపింది.

వినీలకు ఫోన్ చేశాను. జరిగిందంతా విని ఆమె నవ్వింది.

"నాకూ అనుమానం వచ్చిందండీ. ఆ నీళ్లు ఈత కొలనులో నీళ్లలా ఉన్నాయి. ముందుగా చెప్పి రావడం మా పొరపాటు కూడా." తర్వాత గొంతు మారింది. "మళ్లీ వస్తాను. ఎప్పుడన్నది మీకు కూడా చెప్పను. కానీ వానలు ఉండగానే రావాలి. ఇప్పుడు నేల కింద నీళ్లు పైకి లేచి చెత్తను తాకుతున్నాయి. వానలు పోతే అవి దిగిపోతాయి. అప్పుడు ఎవరొచ్చి చూసినా అంతా బాగున్నట్టే ఉంటుంది. బాగుందనే రాయాల్సి వస్తుంది. ఒకసారి అలా రాశాక ఇంకెవరూ రారు."

"మేం ఏం చేయాలి?"

"పిల్లలకు వేరే నీళ్లు ఇవ్వండి. గుంట దగ్గరికి పోనీయకండి. మిగతాది ఏదీ ముట్టుకోకండి. కడగొద్దు, పూడ్చొద్దు. ఆ ఇసుక తీసేయండి."

చెప్పడం తేలిక. అత్తకు ఆ మాట చెప్పాలి.

సాయంత్రం ఆమె జుబేదాకు జడ వేస్తోంది. నేను పక్కన కూర్చుని నా రైతుల గురించి మొదలుపెట్టాను. కొందరు గుంట సరిగ్గా చూసుకోరు. తిట్లు పడతాయని, కొత్త నీళ్లు పడే మూల నుంచి తేటగా సీసా పట్టుకొస్తారు. మేం బాగుందని రాసిస్తాం. వారం తిరక్కుండా రొయ్యలు చచ్చి తేలతాయి. అడుగున నల్ల బురద ఉండే చోటి నుంచి తెచ్చినవాడి గుంటే బతుకుతుంది.

అత్త చేతులు జడ మీద ఆగాయి. ఆమె తెలివిగలది; మిగతాది నేను చెప్పనక్కర్లేకపోయింది.

"అంటే, నేను చేసింది తప్పంటావు."

"తప్పని కాదత్తా..."

"మురికి చూపించమంటావు. ఊరందురినీ పిలిచి, రాండి, మా కింద పెంటదిబ్బ ఉండాది, చూడండి అని చెప్పమంటావు. ఇన్నేండ్లు నా రెక్కలు అరగదీసుకునింది ఇందుకేనా?" రిబ్బను నా ఒళ్లోకి విసిరింది. "నువ్వు చదువుకున్నదానివి. నువ్వే చెప్పుకోపో."

ఆమె అటు తిరిగి కూర్చుంది. జుబేదాను ఒళ్లోకి లాక్కుని ఎక్కం అప్పజెప్పమంది. పిల్ల మొదలుపెట్టింది, ఆగింది, జేజి ముఖంలోకి చూసి నవ్వింది, అత్త భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. అత్త ఆ మిగిలిన ఎక్కాన్ని తనే మెల్లగా, పెదవులు కదిలీ కదలకుండా పూర్తిచేయడం నేను విన్నాను.

మర్నాడు పొద్దున నాకు మెలకువ ఆలస్యంగా వచ్చింది. ఎందుకో వెంటనే తెలియలేదు. బయట కాకులు అరుస్తున్నాయి, పాల బండి పోయింది. ఏదో లేదు. చీపురు చప్పుడు లేదు.

లేచి వాకిట్లోకి వెళ్లాను. రాలిన మునగాకు తడిసి నేలకు అంటుకుని ఉంది. దాని మధ్యలో అత్త స్టూలేసుకుని, తాగిన టీ గ్లాసు పక్కన పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. పొద్దున్నే అంత ఖాళీగా ఉన్న ఆమె చేతుల్ని నేను ఎప్పుడూ చూడలేదు.

"ఆసిమ్ ఇసక తీసేదానికి పోయినాడు," అంది నావైపు చూడకుండా.

తర్వాతి రోజులు మా అత్తకు కఠిన ఉపవాసంలా గడిచాయి. వానలు పడుతూనే ఉన్నాయి, బడి వరండా నిండా ఎర్రబురద అడుగులు. తరగతి గదులు మాత్రం పైపైన ఊడ్చేది. బోరింగు చుట్టూ పట్టిన నల్ల జిగటను, గోడ కింది నుంచి ఊరే నీటి చారను చూస్తూ పళ్లు బిగబట్టుకుని తిరిగేది. ఆసిమ్ రేవు నుంచి తిరిగొచ్చేటప్పుడు మంచినీళ్ల క్యాన్లు తెచ్చి బడిలో దించేవాడు. గుంట చుట్టూ కర్రలు పాతి వల కట్టాడు. అత్త ఆ పక్కనే ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, గొడుగు పట్టుకుని, పిల్లలు రాకుండా కాపలా కాసేది.

"ఏమక్కా, చీపురు పుట్టింటికి పోయిందా?" అని ఎదురింటి మగ్దలీనమ్మ వల మీద నుంచి ఎగతాళి చేసింది.

"దానికి సెలవిచ్చినా. నీకు కావాలంటే పంపిస్తా, నీ వాకిలి గూడా చీపురు మొగం చూసి శానాళ్లయిందంట."

ఇద్దరూ నవ్వారు గాని, కాలనీ అంతా నవ్వలేదు. వాట్సప్ గ్రూపులో నా పేరు రాయకుండా నా గురించి రాసేవాళ్లు. మన పరువు బజారున పెడుతున్నారని ఒకరు. మన పిల్లల్ని ఎవరు చేసుకుంటారని ఇంకొకరు. ఆ మాటల్లో కోపం కన్నా భయం ఎక్కువ కనిపించేది నాకు. తమ ఇంటి నేలను నమ్మలేని మనిషి ఇంక దేని మీద నిలబడతాడు? అందుకని తిరిగి తిట్టబుద్ధి కాలేదు.

ఒక మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది. మా వార్డు పెద్ద మాలకొండయ్య ట్రాక్టరు నిండా గ్రావెల్ వేయించుకుని, డ్రైవరు పక్కన తనే కూర్చుని బడిలోకి వచ్చాడు. నేను ల్యాబ్ నుంచి అప్పుడే వస్తున్నాను.

"లేయ్ నూర్‌బక్కా. ఆ గుంట పూడ్చేస్తాం. పిల్లోళ్లు పడతారు."

"పడకుండా నేనుండా గదా."

"నువ్వెన్నాళ్లుంటావు?"

"ఆ మేడమ్ వచ్చిందాకా."

"వచ్చి ఏం చేస్తాది? దిబ్బ మీద ఊరు అని రాసుకోని పోతాది. రేపు నా మనవడికి ఎవురన్నా పిల్లనిస్తారా?"

"నీ మనవడు మూడో తరగతి. ముందు పాసు గానీ."

డ్రైవరు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. మాలకొండయ్యకు కోపం వచ్చింది. ఇంజను పెద్దగా రొద చేసింది. అత్త కుర్చీలోంచి కదల్లేదు. గొడుగు మూసి ఒళ్లో పెట్టుకుంది.

"అబ్బయా, మాలకొండయ్యా," అంది, పరామర్శించే గొంతుతో. "నేను డబ్బాడు బ్లీచింగ్ పోసినా. బండెడు ఇసక పోసినా. నీకన్నా ముందే పూడ్చినా. పూడ్చినాక గూడా నా మనవరాలు కడుపు పట్టుకోని ఏడస్తానే ఉండాది. నీ మనవడికి ఎట్టా ఉండాది?"

ఆ పిల్లాడు కూడా బడి ఎగ్గొట్టి పడుకుంటున్నాడని మాకందరికీ తెలుసు. మాలకొండయ్య గుంటలోకి వంగి చూశాడు. ఒక పెద్ద బుడగ లేచి పగిలింది.

"తిప్పు," అన్నాడు డ్రైవరుతో.

వినీల చినుకుల్లో వచ్చింది, ఇద్దరు సహాయకులతో, ఎవరికీ చెప్పకుండా. ఆ రోజు ఆదివారం కావడం వల్ల నేను ఇంట్లో ఉన్నాను. నేనూ ఆసిమూ వెళ్లేసరికి అత్త అప్పటికే ఆమె పక్కన నడుస్తోంది. మొన్నటిదాకా పరువు కోసం దాచిన ప్రతి చోటునూ, కొత్త కోడలికి ఇల్లు చూపించినట్టు చూపిస్తోంది.

"ఈడ చూడమ్మా, ఈ గోడ కింద ఊరతాది. ఈడ గచ్చు పగిలింది, వానొస్తే కుళ్లిన కోడిగుడ్డు వాసన. ఈడయితే బో అన్యాయం."

వినీల అన్నీ విన్నది. కానీ మచ్చలున్న చోట మాత్రమే తవ్వితే అది కూడా ఒకరకం అబద్ధమేనని చెప్పి, ఆవరణను గళ్లుగా కొలిచి, బాగున్న చోట్లలో కూడా మన్ను తీసింది. ఆ పద్ధతి నాకు నచ్చింది. బోరింగు నీళ్లను చాలాసేపు కొట్టించి పారబోయించాకే సీసాలు పట్టింది. తర్వాత పొడవాటి ఇనుప బర్మాను చేత్తో తిప్పుతూ నేలలోకి దించింది. ముందు కాస్త మిగిలిపోయిన ఇసుక వచ్చింది. తర్వాత ఎర్ర గ్రావెల్. ఆపైన నల్లటి ముద్ద. దాంట్లో చెక్కుచెదరని ప్లాస్టిక్ సంచి ముక్క, పిల్లల చెప్పు పట్టీ, పగలగొట్టిన బ్యాటరీ పలక.

అప్పటికి కాలనీలో సగం మంది గోడ చుట్టూ చేరారు. మేం ఇన్నేళ్లు పేరు పెట్టనిది వెలుతుర్లో, ఒక పళ్లెంలో ఉంది. నేను భయపడ్డంత ఘోరంగా లేదు. చూడగలిగేదిగానే ఉంది. అదే నాకు ఆశ్చర్యం. ముక్కు మూసుకున్నవాళ్లు కూడా ఒకడుగు ముందుకు వేశారు.

చివరికి వినీల రెండో తరగతి గదిలో గచ్చు పగులు మీద గ్యాసు పసిగట్టే చిన్న యంత్రం పెట్టింది. అది కీచుమని అరవడం మొదలుపెట్టి ఆగలేదు. జుబేదా కూర్చునేది ఆ పగులు పక్కనే.

ఫలితాలు వచ్చేసరికి వానలు పూర్తిగా పోయాయి. బడి వరండాలోనే సమావేశం. నెల్లూరు ఆసుపత్రి నుంచి వచ్చినవాళ్లు అంతకుముందే పిల్లలందరి రక్తం తీసుకుని వెళ్లారు. వినీల లేచి నిలబడింది. కాగితం చేతిలో ఉన్నా దాంట్లో చూడకుండానే మాట్లాడింది.

"నేల కింద చెడు ఉండటం ఒక సంగతి. అది పిల్లల దాకా రావడం ఇంకో సంగతి. మేం వెతికింది ఆ దారుల కోసం. ఇక్కడ మూడు దారులున్నాయి. బోరు నీళ్లు, బడి ఆవరణలో మన్ను, గదుల్లోకి వచ్చే గ్యాసు. నీళ్లలో, మన్నులో సీసం ఉంది. కొందరు పిల్లల రక్తంలోకి కూడా వచ్చింది."

నా చెయ్యి పట్టుకున్నది ఎవరా అని చూస్తే అత్త. జుబేదా పేరు ఆ కొందరిలో ఉందని మాకు ముందురోజే చెప్పారు.

"ఇళ్లు ఖాళీ చెయ్యాల్నా?" మాలకొండయ్య నిలబడి అడిగాడు. అందరం అడగాలనుకుని అడగలేకపోయిన ప్రశ్న అది.

"అక్కర్లేదు. ఇళ్లలో గ్యాసు కొలిచాం, లేదు. ఇళ్ల కింద గ్రావెల్ మందంగా ఉంది. బోర్లు మూసేసి మంచినీళ్ల పైపు వేయాలి. కానీ బడి ఉన్నది సరిగ్గా దిబ్బ నడినెత్తిన. ఇక్కడ ఒక్క రోజు కూడా నడవకూడదు. ఆ ఉత్తర్వు తీసుకునే వచ్చాను. పిల్లల సంగతి డాక్టర్లు చెప్పారు కదా, దారి మూస్తే ఒంట్లోది నెమ్మదిగా దిగిపోతుంది. మీరు సమయానికి చూపించారు."

ఇళ్లు పోవని, పిల్లలు బాగవుతారని అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. తర్వాత మగ్దలీనమ్మ చప్పట్లు కొట్టింది, ఒంటరిగా, చాలా గట్టిగా. ఆపైన అందరూ. ఇన్నాళ్లూ నన్ను పలకరించనివాళ్లు కూడా కొడుతున్నారు. నేను ఏకాంతం ఇష్టపడే మనిషిని. గుంపులో సంతోషం నాకు ఎప్పుడూ కాస్త ఇరుకుగా ఉంటుంది. ఆ పూట మాత్రం ఆ గుంపులో నాకు సరిగ్గా సరిపోయినంత చోటు దొరికింది.

"బడి యాడ పెడదాం?" అన్నాడు పద్మనాభయ్య.

"తుఫాను షెల్టరుండాదిగా," అంది అత్త. "తుఫాను వస్తేనే ఎక్కాలని రాసిపెట్టుండాదా దాని మీద?"

మర్నాడే బడి కదిలింది. కాలనీ చివర మిట్ట మీద, స్తంభాల పైన నిలబెట్టిన ఆ తెల్ల భవనానికి తాళం ఏళ్లుగా తీయలేదు. బెంచీలు, నల్లబల్ల, బియ్యం గిన్నెలు మాలకొండయ్య ట్రాక్టరు మీద ఎక్కాయి. వెనక పిల్లలు వరుసగా, సంచులు నెత్తిన పెట్టుకుని. ఆడవాళ్లు ఎవరూ పిలవకుండానే చీపుర్లు, బక్కెట్లు తెచ్చుకున్నారు. పైన పావురాల రెట్ట అంగుళం మందాన ఉంది. అత్త గుమ్మంలో నిలబడి దాన్ని ప్రేమగా చూసింది. తర్వాత చెంగు నడుముకు బిగించి, "జరగండి," అంది.

కిటికీలు తెరిచాక ఒక పిల్ల కేక పెట్టింది. "సార్! సముద్రం!"

ఇంత దగ్గరలో ఉండి కూడా మా బడి నుంచి అది ఎప్పుడూ కనబడలేదు. సరుగుడు చెట్ల సర్వితోపు అవతల నీలంగా, పడవలతో సహా, కిటికీ నిండా ఉంది. ఆ రోజు పాఠాలేవీ జరగలేదు.

మామిడి పూతకొచ్చే నాటికి జుబేదాకు ఆకలి పుట్టింది. ఎండలు ముదిరేనాటికి రెండోసారి తీసిన రక్తంలో సీసం బాగా దిగింది. ఆ కబురు వచ్చిన వారంలోనే పద్మనాభయ్య నన్నూ అత్తనూ షెల్టరుకు పిలిపించాడు. జుబేదా గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని, తల వంచకుండా నిలబడి ఉంది. పక్కన మాలకొండయ్య మనవడు ముక్కు చీదుకుంటున్నాడు. వాడి చొక్కాకు జేబు లేదు.

"ఏం పెంపకమమ్మా ఇది?" అన్నాడు హెడ్మాస్టరు. "కిటికీ దగ్గర చోటు కోసం జేబు ఊడపీకింది. వాడు దీనికన్నా పెద్దవాడు. పొద్దున్నుంచీ ఒకటే గోల, మాట వినదు, కూర్చోమంటే కూర్చోదు."

నేను తిట్టాలి. నోరు తెరిచాను. అత్త నాకన్నా ముందు మాట్లాడింది, బో వినయంగా.

"తప్పే సార్. జేబు నేను కుట్టిస్తా." ఒక అడుగు ముందుకు వేసింది. "అయితే సార్, కిటికీ కాడ చోటు కడాకు ఎవురికి దక్కింది?"

పద్మనాభయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నవ్వు దాచుకోవడానికి దాన్ని చాలాసేపు తుడిచాడు.

"ఇంకెవరికి? మీ పిల్లకే."